కాకిలెక్కలకు మార్కులు వేయవద్దు: దత్తాంశ నిర్వహణ పాఠం గురించి విద్యాశాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, గణిత పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు, ప్రశ్నపత్రాలు రూపొందించే ఉపాధ్యాయ మిత్రులకు,

నమస్కారాలు.

నేను ఒక పల్లెటూరి ప్రాథమికోన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయురాలిని. సమాచారాన్ని సేకరించడం, దానిని క్రమపరచడం, పట్టికగానో చిత్రంగానో చూపడం, చూపినదాని నుంచి ఒక నిర్ణయానికి రావడం, ఇవన్నీ కలిపి దత్తాంశ నిర్వహణ అనే పేరుతో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు నేర్చుకోవలసిన అంశాలు. ఈ పాఠం మన బడుల్లో ఎలా సాగుతున్నదో చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో పలుమార్లు చెప్పాను. తోటి ఉపాధ్యాయులతో కలిసి వినతిపత్రం రాసి పై కార్యాలయానికి ఇచ్చాను. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు గానీ అందులోని అంశాల మీద ఇంతవరకు ఒక్క మాట జవాబు రాలేదు. అందుకే ఇది నలుగురికీ తెలిసేలా రాయవలసి వచ్చింది.

పుస్తకాలు రాసినవారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. నా ఫిర్యాదు ఒక్కటే. మన పిల్లలు దత్తాంశాన్ని సేకరించడం లేదు, కల్పిస్తున్నారు. ఆ కల్పించిన అంకెలకు మనం మార్కులు వేస్తున్నాం.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2017లో ఎలిమెంటరీ స్థాయికి అభ్యసన ఫలితాలను ప్రకటించింది. మూడో తరగతి పిల్లలు గణన చిహ్నాలతో (ఒక్కొక్కదానికి ఒక్కో గీతతో) సమాచారాన్ని నమోదు చేసి, బొమ్మల రూపంలో చూపి, దాని నుంచి ఒక ముగింపుకు రాగలగాలని అందులో ఉంది. ఐదో తరగతి వచ్చేసరికి నిత్యజీవితానికి సంబంధించిన సమాచారాన్ని తామే సేకరించి, పట్టికగానూ కమ్మీ చిత్రంగానూ (బార్ గ్రాఫ్‌గానూ) చూపి, వివరించగలగాలని ఉంది. అదే ఏడాది విద్యాహక్కు నియమాలను సవరించి ఈ అభ్యసన ఫలితాలకు వాటిలో చోటు కల్పించారు. అంటే నేను అడుగుతున్నది కొత్త కోరికేమీ కాదు, ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న నియమమే.

తరగతి గదిలో జరుగుతున్నది వేరు. పాఠం తెరిచేసరికే పట్టిక సిద్ధంగా ఉంటుంది. ఒక తరగతిలో ఇంతమందికి మామిడిపండు ఇష్టం, ఇంతమందికి జామపండు ఇష్టం అని అచ్చువేసిన అంకెలు ఉంటాయి. పిల్లవాడు చేయవలసిందల్లా ఏది ఎక్కువ, ఏది తక్కువ, మొత్తం ఎంత అనే మూడు ప్రశ్నలకు జవాబు రాయడం. ఆ తరగతి ఎక్కడిదో, పండ్ల గురించి ఎవరు ఎందుకు అడిగారో, రెండు పండ్లూ ఇష్టమన్న పిల్లను ఏ వరుసలో వేశారో ఎవరికీ తెలియదు. ఈ ప్రశ్నలు అడగవచ్చునన్న ఊహే పిల్లలకు రాదు. పైగా మా బడిలో ఈ పాఠం వంతు వచ్చేసరికి చాలా తరగతుల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఒక పీరియడ్‌లో ఉదాహరణ, మరో పీరియడ్‌లో అభ్యాసం, అంతటితో పాఠం అయిపోయినట్టే.

మిగిలిన సేకరణ భాగాన్ని నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే బోధన సాగుతుండగానే పిల్లలను అంచనా వేసే పద్ధతిలో, ప్రాజెక్టు పనిగా ఇంటికి పంపుతున్నాం. 'మీ బడి ముందు రోడ్డు మీద వెళ్లే వాహనాలను లెక్కించి కమ్మీ చిత్రం గీయండి' అనేది అలాంటి ఒక ప్రాజెక్టు. మా బడి ముందు రోడ్డు మీదికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒకే బస్సు వస్తుంది. అయినా పిల్లలు తెచ్చిన కాగితాల్లో బస్సులు 5, ఆటోలు 15, బైకులు 20 అని రాసి ఉంటుంది. గ్రాఫులో ఒక గడికి 5 అని ప్రమాణం తీసుకుంటే కమ్మీలు గీత దాటకుండా నిలుస్తాయి కాబట్టి అంకెలన్నీ ఐదు గుణిజాలే. ఆ పిల్లలెవరూ రోడ్డు దగ్గర నిలబడలేదు. రంగులు చక్కగా వేసిన కాగితానికి ఎక్కువ మార్కులు, నిజంగా లెక్కపెట్టి బస్సు 1, బైకులు 23 అని రాసి, గీత పక్కకు పోయిన కాగితానికి తక్కువ మార్కులు పడుతున్నాయి. ఒక్కొక్కసారి ఆ చార్టు ఊళ్లో జిరాక్సు షాపులోనే తయారై వస్తున్నది. ప్రాజెక్టు గడిలో అంకె నింపి పంపవలసిన తొందరలో ఉపాధ్యాయులు కూడా వాటిని ప్రశ్నించడం లేదు.

ఇది చిన్న విషయమని మీకు అనిపిస్తే, పిల్లలు నిజంగా లెక్కపెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూడమని కోరుతున్నాను. మా ఐదో తరగతి పిల్లలను బడి గేటు లోపలే నిలబెట్టి ఒక గంటసేపు అదే లెక్క రాయించాను. మొదటి పది నిమిషాల్లోనే తగాదా వచ్చింది. ట్రాలీ తగిలించిన ట్రాక్టరు ఒక వాహనమా, రెండా అని. ఇంతలో కూరగాయలు దింపి వెళ్లిన ఆటోనే తిరిగి వచ్చింది. దానికి మళ్లీ గీత గీయాలా అని ఒక అమ్మాయి అడిగింది. 'మనం ఆటోలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నామా, ఆటోలు ఎన్నిసార్లు పోయాయో లెక్కపెడుతున్నామా?' అని వెనక నుంచి ఇంకొకడు అన్నాడు. అటూ ఇటూ వాదించుకుని, ఎన్నిసార్లు పోయిందో అదే రాద్దామని వాళ్లే తేల్చుకున్నారు. ఎద్దులబండి వచ్చినప్పుడు పట్టికలో దానికి వరుస లేదు. కొత్త వరుస చేర్చాలా, 'ఇతరములు' అని పెట్టాలా అని మళ్లీ చర్చ. పక్కపక్కన నిలబడి లెక్కపెట్టిన రెండు జట్లకు బైకుల మొత్తం వేరువేరుగా వచ్చింది. ఎందుకు వచ్చిందో వెతికితే, ఒక జట్టు నడిపించుకుంటూ తీసుకెళ్లిన బండిని కూడా కలిపింది. ఏది ఒకటి, దేన్ని కలపాలి, దేన్ని వదలాలి అనే నిర్ణయం అంకె కంటే ముందే జరుగుతుందని ఆ గంటలో వాళ్లకు తెలిసినట్టుగా అచ్చు పట్టిక ఏడాదంతా చదివించినా తెలియదు.

మరొక ఉదాహరణ. కుటుంబ సభ్యుల సంఖ్య రాసే పనిలో ఒక బాబు లేచి, 'మా నాన్న దుబాయిలో ఉన్నాడు, కలపాలా టీచర్?' అని అడిగాడు. పక్కన ఉన్న అమ్మాయి తన అక్క హాస్టల్లో ఉందని, మరొకరు తాతయ్య ఆరు నెలలు తమ దగ్గర, ఆరు నెలలు పెదనాన్న దగ్గర ఉంటాడని అన్నారు. జనగణనకు, కుటుంబ సర్వేలకు ఇంటింటికీ తిరిగే గణకులు ప్రతి గుమ్మం దగ్గరా ఎదుర్కొనే ప్రశ్నలు ఇవే. 2024 నవంబరులో తెలంగాణలో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు కూడా గణకులుగా వెళ్లారు, ఆ బడులు ఒంటిపూట నడిచాయి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించిన జనగణనలోనూ ఉపాధ్యాయుల పాత్ర తక్కువేమీ కాదు. దేశానికి దత్తాంశం సేకరించి పెట్టే ఉపాధ్యాయులం మనం. మన పిల్లలకు మాత్రం ఎవరో సేకరించిన అంకెలు అచ్చువేసి ఇస్తున్నాం.

ఈ పాఠాన్ని ఇలా దాటవేయడం వల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

1. అంగన్‌వాడీలో బిడ్డను తూచి, ఆ బరువును వయసుకు ఎదురుగా చుక్కపెట్టి, పెరుగుదల పట్టికలో గీతగా కలుపుతారు. ఆకుపచ్చ పట్టీలో ఉన్నా గీత రెండు మూడు నెలలుగా చదునుగా సాగుతున్నదంటే అది హెచ్చరికే. తల్లి చేతిలో ఉండే కార్డు మీదే ఆ గీత ఉంటుంది. ఎనిమిదో తరగతి వరకు చదివిన తల్లి కూడా ఆ గీతను చదవలేక 'బరువు బాగానే ఉందా అమ్మా' అని కార్యకర్తను అడిగి, ఆమె చెప్పిన ఒక్క మాటతో ఇంటికి వెళ్తున్నది. అడ్డంగా వయసు, నిలువుగా బరువు అని చదవడం మనం నేర్పవలసిన పాఠం. బడిలో మార్కులు తెచ్చుకున్న గ్రాఫు ఆమెకు బిడ్డ కార్డు మీద అక్కరకు రాలేదు.

2. మార్కెట్ యార్డులో గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు అంకెలు ప్రకటిస్తారు. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో చెప్పేది మోడల్ ధర, అంటే మనం బాహుళకం అని పిల్లలతో నిర్వచనం వల్లె వేయించేదే. రైతు చెవిన పడేది గరిష్ఠ ధర. మిర్చి క్వింటాలుకు అంత పలికిందని విని లారీ కిరాయి పెట్టుకుని వచ్చి, తన సరుకు దానికి ఎంతో తక్కువకు పోతే మోసపోయానని కుమిలిపోతాడు. కొన్నిసార్లు మోసం నిజంగానే జరుగుతుంది. ఏది మోసమో, ఏది మామూలో తేల్చుకోవడానికి ఆ మూడు అంకెలూ చదవడం వచ్చి ఉండాలి. బాహుళకం పాఠంలో యార్డు ధరల పట్టిక ఒక్కటి పెట్టి ఉంటే రైతుబిడ్డకు ఆ పాఠం జీవితాంతం గుర్తుండేది.

3. మండలంలో వర్షపాతం సాధారణం అని ప్రకటన వస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే సాధారణమే, 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు. నెల మొత్తానికి పడవలసిన వాన రెండు రోజుల్లో కురిసి, మిగిలిన రోజులన్నీ ఎండ కాసినా సగటు సాధారణంగానే కనిపించవచ్చు. పైరు ఎండిన రైతుకూ, సాధారణం అని రాసిన అధికారికీ మధ్య వాదన అక్కడే మొదలవుతుంది. రోజువారీ అంకెలు చూపండి అని అడగగలిగిన రైతు వాదనకు బలం ఉంటుంది.

4. అన్నిటికంటే నన్ను బాధిస్తున్నది ఇది. పదేళ్ల వయసులో రోడ్డు దగ్గరికి వెళ్లకుండానే బస్సులు 5 అని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల, పెద్దయ్యాక రిజిస్టరు నింపే ఉద్యోగంలో చేరితే, తూచని బరువును, కొలవని నీటిమట్టాన్ని, వెళ్లని ఇంటిని కాగితం మీద నింపడానికి ఎందుకు జంకుతుంది? గడి ఖాళీగా ఉండకూడదు, అంకె చూడటానికి బాగుండాలి అని ఆమెకు నేర్పింది మనమే. కాకిలెక్కలతో కట్టిన నివేదిక మీద పింఛన్లు ఆగుతాయి, కొళాయిలు రాని వీధికి కొళాయిలు వచ్చినట్టే నమోదవుతుంది.

5. సేకరణ అంటే ఏదైనా అడగవచ్చునన్న అజాగ్రత్త వల్ల పేద పిల్లలకు అవమానం జరుగుతున్నది. ఇంట్లో ఎన్ని వాహనాలు, టీవీ ఉందా, మరుగుదొడ్డి ఉందా అని తరగతిలో చేతులు ఎత్తించి లెక్కించినప్పుడు, చేయి ఎత్తని పిల్ల తల దించుకుని కూర్చోవడం నేను చూశాను. బరువులు తూచి అందరి ముందూ పైకి చదవడం కూడా అంతే. ఎవరి సమాచారం, ఎవరి ముందు, ఏ అవసరానికి అనే మర్యాద కూడా ఈ పాఠంలో భాగమే. అది మన పుస్తకాల్లో నాకు కనిపించలేదు.

ఇక నా కోరికలు. వీటిలో చాలావాటికి రూపాయి ఖర్చు లేదు.

1. మూడో తరగతి నుంచి ప్రతి తరగతిలో దత్తాంశ నిర్వహణ పాఠం పిల్లలు తామే వేసుకున్న ఒక ప్రశ్నతో మొదలుకావాలి. అచ్చువేసిన పట్టిక ఆ తర్వాతే రావాలి. పాఠాన్ని పుస్తకం చివరి నుంచి ముందుకు జరిపి, కనీసం రెండు విడతలుగా, మొదటి టర్మ్‌లో సేకరణ, రెండో టర్మ్‌లో అదే దత్తాంశంతో చిత్రణ, పోలిక ఉండేలా విభజించాలి.

2. సేకరణ ప్రాజెక్టును ఇంటికి పంపడం మానాలి. బడి సమయంలో, బడి ఆవరణలో, జట్లుగా చేయించాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలో పిల్లలను రోడ్డు మీదికి తీసుకెళ్లడం ఎలా అని అడిగేవారు ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. రోడ్డు దాకా పోనక్కరలేదు. హాజరు, మధ్యాహ్న భోజనంలో రోజూ మిగిలిపోయే కూర, నీళ్ల ట్యాంకు ఎన్ని రోజులకు ఒకసారి నిండుతున్నది, గ్రంథాలయ పుస్తకాల్లో ఎక్కువగా ఇంటికి తీసుకెళ్లేవి ఏవి, ఇవన్నీ బడిలోనే ఉన్నాయి. మేము యాపుల్లోకి ఎక్కించి పంపే అంకెల్లో సగం పిల్లలు లెక్కించగలిగినవే. వాటిని తరగతి గోడ మీద వారానికి ఒకసారి పిల్లల చేతే రాయించే వెసులుబాటు ఇవ్వాలి.

3. మార్కుల కొలమానం మారాలి. ప్రాజెక్టుకు ఇచ్చే మార్కుల్లో సగం చిత్రానికి కాక, ఎక్కడ, ఏ రోజు, ఎంతసేపు, ఎవరు లెక్కించారు, ఏ సందేహం వచ్చింది, దాన్ని ఎలా తీర్చుకున్నారు అని రాసిన నాలుగు వాక్యాలకు ఇవ్వాలి. గణన చిహ్నాలు గీసిన చిత్తు కాగితాన్ని జతచేయాలి. అది మాసిపోయి ఉన్నా, కొట్టివేతలు ఉన్నా సరే, అసలైన సాక్ష్యం అదే. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా కొట్టి కట్ట కట్టడం పిల్లలకు చాలా త్వరగా వస్తుంది. తేదీ వేసి భద్రపరచడమే అలవాటు కావాలి.

4. సున్నాకూ ఖాళీకీ ఉన్న తేడాను ప్రత్యేకంగా బోధించాలి. మంగళవారం ఎవరూ గైర్హాజరు కాకపోతే సున్నా రాయాలి. మంగళవారం లెక్క తీసుకోకపోతే గడిని ఖాళీగా వదిలి, ఎందుకు తీసుకోలేదో పక్కన రాయాలి. పిల్లలు రెండు చోట్లా ఒకే పని చేస్తారు. కొందరు ఆ వరుసనే తీసేస్తారు. ఈ పాఠంలో ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, లెక్కించనిదాన్ని సున్నాగా రాసినప్పుడు ఉన్న జబ్బులు, ఉన్న గైర్హాజరులు, ఉన్న ఫిర్యాదులు ఎవరికీ తెలియకుండా కాగితం మీద మాయమవుతాయి.

5. తప్పుగా గీసిన చిత్రాలను పుస్తకంలో పెట్టి, తప్పు కనిపెట్టమని అడగాలి. ఒక బొమ్మ అయిదుగురికి గుర్తు అని చెప్పి, మామిడిపండును పెద్దగా, జామపండును చిన్నగా గీస్తే చూసేవారి కళ్లు మోసపోతాయి. కమ్మీ చిత్రంలో నిలువు అక్షం సున్నా నుంచి కాక 90 నుంచి మొదలైతే 96ను చూపే కమ్మీ 92ను చూపే కమ్మీకి మూడింతలుగా కనిపిస్తుంది. టీవీల్లో, ఎన్నికల ప్రచారంలో ఇటువంటి చిత్రాలు రోజూ చూస్తున్న పిల్లలకు ఆరో తరగతిలోనే ఈ కన్ను తెరిపించాలి.

6. ప్రశ్నపత్రాల్లో 'పట్టికను పరిశీలించి జవాబులు రాయండి' అనే ఒక్క రకం ప్రశ్నతో సరిపెట్టవద్దు. ఈ పట్టికతో ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేం, ఇంకా ఏ సమాచారం కావాలి, ఈ దత్తాంశానికి పటచిత్రం (బొమ్మలతో సంఖ్యను చూపేది) తగినదా, కమ్మీ చిత్రం తగినదా, ఎందుకు అని అడగాలి. 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ (పిల్లల అభ్యసనాన్ని కొలిచే జాతీయ సర్వే) వంటి బహుళైచ్ఛిక పరీక్షలు గ్రాఫు చదవడాన్ని కొలవగలవు గానీ, సేకరించడాన్ని కొలవలేవు. ఆ పని తరగతి ఉపాధ్యాయుడే చేయగలడు. కాబట్టి అటువంటి పరీక్షలకు సన్నద్ధం చేసే పేరుతో సేకరణను తీసేయవద్దు.

7. ఉపాధ్యాయ శిక్షణలో ఒక రోజు పూర్తిగా దీనికి కేటాయించాలి. ఆ రోజు స్లైడులు చూపకుండా, శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయుల చేతే లెక్క పెట్టించి, గీయించి, వాదించుకోనివ్వాలి. ఉపాధ్యాయులను తయారుచేసే డైట్ కళాశాలల్లో చదివే ఛాత్రోపాధ్యాయులకు కూడా ఇదే పద్ధతి పెట్టాలి.

8. పిల్లల నుంచి ఏ సమాచారం అడగకూడదో ఒక పేజీ మార్గదర్శకం జారీ చేయాలి. కులం, ఆదాయం, ఆస్తి, జబ్బులు, బరువు వంటివి బహిరంగంగా లెక్కించే ప్రాజెక్టులను నిషేధించాలి.

9. గ్రాఫు కాగితాలు పల్లెల్లో దొరకడం లేదు. నాలుగు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు ఉచితంగా ఒక గళ్ల పుస్తకం ఇవ్వాలి. ఖర్చు అడుగుతున్న కోరిక ఇదొక్కటే.

గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ జయంతి అయిన జూన్ 29ని 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో చేరి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి అందుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు గారు మనవారేనని ఆ రోజు సభల్లో చెప్పుకుంటాం. బడులు తెరిచిన కొత్తలో వచ్చే ఆ రోజున ఉపన్యాసాలకు బదులు ప్రతి బడిలో పిల్లలు ఒక ప్రశ్న ఎంచుకుని లెక్క మొదలుపెట్టేలా ఉత్తర్వు ఇవ్వమని కోరుతున్నాను. ఆ లెక్క ఏడాదంతా సాగాలి. నివేదికలు పైకి పంపమని మాత్రం అడగవద్దు. అడిగితే మళ్లీ ఐదు గుణిజాలే వస్తాయి.

వచ్చే విద్యా సంవత్సరపు పుస్తకాలు అచ్చుకు వెళ్లేలోపు పై తొమ్మిది అంశాల్లో వేటిని అంగీకరిస్తున్నారో, వేటిని ఏ కారణంతో తిరస్కరిస్తున్నారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా విన్నవించుకుంటున్నాను. ఇప్పటికే నిజమైన సేకరణ చేయిస్తున్న ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. వారు పిల్లల చిత్తు కాగితాలతో సహా తమ అనుభవాన్ని మీ ముందు ఉంచడానికి సిద్ధంగా ఉన్నారు. జిల్లాకు ఒక సమావేశం ఏర్పాటు చేసి వారిని పిలవండి.

ఇట్లు,
ఒక ప్రాథమికోన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయురాలు